చెవికో రుచి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. జిహ్వ విషయంలో ఈ మాటను మనమందరం నిస్సంకోచంగా అంగీకరిస్తాము. క్యాంటీనులో ఒకరు ఉప్మా తీసుకుంటారు, మరొకరు పోహా తీసుకుంటారు. అంతమాత్రాన ఒకరినొకరు అజ్ఞానులని తలచరు. కాని చెవి దగ్గరకు వచ్చేసరికి ఈ ఔదార్యం మనలో మాయమవుతుంది. మనకు నచ్చిన గాయకుడు నచ్చలేదని ఎవరైనా అంటే, మన ఇంటి పెద్దను నిందించినట్లు నొచ్చుకుంటాము. మనకు నచ్చని సంగీతాన్ని ఎదుటివారు మెచ్చుకుంటే, వారి చెవిలోనే ఏదో లోపమున్నదని నిశ్చయించుకుంటాము. ఇట్టి పొరపాటు చేసినవారిలో ఈ వ్యాసకర్త కూడా ఒకడు. అందుచేతనే ఈ నెల శీర్షికకు ఈ విషయాన్ని ఎన్నుకొన్నాను.

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన, బీర్‌గాఁవ్‌ను ఆనుకొని ఉన్న ఉర్లా పారిశ్రామిక ప్రాంతం సంగీతానికి అనువైన చోటుగా ఎవరికీ తోచదు. ఇక్కడ రోలింగ్ మిల్లుల మోత, ఫౌండ్రీల వేడి, లారీల ధూళి. అయినను విశాఖపట్నం, విజయనగరం వైపు నుండి రైలుమార్గం వెంట వచ్చి రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నవి. మా క్వార్టర్లలోని కొన్ని కుటుంబాలవారము నెలకొక ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలులో కలుసుకుంటాము. ప్రతిసారి ఒకరు తమకు ఇష్టమైన సంగీతాన్ని వినిపించి, అది తమకెందుకు ఇష్టమో నాలుగు మాటలు చెప్పాలి. ఇంతకు మించి నియమాలు లేవు.

గత శీతకాలంలో ఆ వంతు నాకు వచ్చింది. నేను చాలాకాలంగా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో వింటున్నాను. కనుక నేడు మన మధ్య జీవించి ఉన్న పియానో విద్వాంసులలో నాకు ప్రియమైన నలుగురిని పరిచయం చేయ సంకల్పించాను.

మొదటివారు గ్రిగొరీ సొకొలోవ్. 1950లో లెనిన్‌గ్రాడ్‌లో జన్మించి, 1966లో పదహారేళ్ల ప్రాయంలోనే మాస్కోలోని చైకోవ్‌స్కీ పోటీలో ప్రథమ బహుమతి పొందారు. స్టూడియో రికార్డింగులంటే ఆయనకు సరిపడదు. శ్రోతల ఎదుట వాయించినదే సంగీతమని ఆయన నమ్మకం. కచేరీ ముగిసిన తరువాత కూడా శ్రోతల కోరికపై ఐదారు రచనలు వాయించడం ఆయనకు పరిపాటి. రెండవవారు మిత్సుకో ఉచిదా. 1948లో జపానులో పుట్టి, తండ్రి దౌత్యోద్యోగం కారణంగా పన్నెండవ ఏట వియన్నా చేరి, మోట్సార్ట్, షూబర్ట్ రచనలను తన స్వంతం చేసుకొన్న విదుషీమణి. మూడవవారు 1941లో అర్జెంటీనాలో జన్మించిన మార్తా అర్గెరిచ్. ఆమె వేళ్లలో మెరుపు ఉన్నది. నాలుగవవారు 1953లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఆంద్రాష్ షిఫ్. బాఖ్ రచనలను పాదంతో తొక్కే పెడల్ సాయం లేకుండా, ప్రతి స్వరం విడివిడిగా వినిపించేటట్లు వాయించడం ఆయన ప్రత్యేకత.

నా మాట పూర్తికాకముందే మా యువ ఇంజనీరు ఒకరు అడ్డు తగిలారు. "సార్, మీ జాబితాలో అందరూ పాతవారే. లాంగ్ లాంగ్ లేరు, యూజా వాంగ్ లేరు. 2023 జనవరిలో న్యూయార్క్ కార్నెగీ హాలులో యూజా వాంగ్ రహ్మానినోవ్ కన్చెర్టోలు నాలుగూ, దానిపై పగనినీ రాప్సొడీ కూడా ఒకే కచేరీలో వాయించారు. అది చాలదా?" అన్నారు. నేను కొంచెం పెద్దరికం చూపి, "వేగం వేరు, సంగీతం వేరు" అన్నాను. ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది.

అంతలో వెనుక వరుసనుండి మా సీనియర్ మిత్రులొకరు లేచారు. ఆయన విజయనగరం వారు. పదవీ విరమణ చేసి కుమారుని వద్ద ఇక్కడే ఉంటున్నారు. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా వెలసిన సంగీత కళాశాల ఉన్న ఊరు అది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ ప్రతిధ్వనించిన ఊరు. "ఏమండీ ఇంజనీరు గారూ, అరగంట నుండి వింటున్నాను. ఒక్క గమకం వినబడలేదు. గమకం లేనిది సంగీతమెలా అవుతుందండీ? అది టైపు మిషను" అన్నారు.

నేను ఊరుకొని ఉండవలసింది. ఊరుకోలేదు. "అందరికీ అన్నీ అర్థం కావు లెండి" అన్నాను. ఆయన మారు మాటాడక కండువా సవరించుకొని వెళ్లిపోయారు. తరువాతి రెండు సమావేశాలకు రాలేదు.

కోపం చల్లారిన తరువాత ఆయన ఆక్షేపణను ఇంజనీరుగా పరిశీలించడం మొదలుపెట్టాను. పరిశీలించినకొద్దీ అందులో ఎంత నిజమున్నదో తెలిసివచ్చింది.

పియానోను 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తొలొమియో క్రిస్తోఫోరి నిర్మించాడు. నేటి పియానోలో 88 మెట్లు ఉంటాయి. తెల్లవి 52, నల్లవి 36. మెట్టు నొక్కితే ఊలు ఫెల్టు చుట్టిన చిన్న సుత్తి లేచి ఉక్కు తీగను కొట్టి, వెంటనే వెనుకకు జారిపోతుంది. తీగలు సుమారు 230. వీటన్నింటి బిగువు కలిపితే 18 నుండి 20 టన్నుల వరకు ఉంటుంది. ఇంతటి లాగుడును చెక్క భరించలేదు. అందుకే 1825లో అమెరికాలో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రానికి పేటెంటు పొందాడు. మన ఉర్లా ఫౌండ్రీలలో అచ్చులలో పోసే పోత ఇనుము వంటిదే ఆ చట్రానికీ ఆధారం. షూబర్ట్ రచనలోని ఆ మృదుత్వం వెనుక ఇరవై టన్నుల బలమూ, పోత ఇనుమూ ఉన్నవని తలచినప్పుడు మన వృత్తివారికి కొంత సంతోషం కలుగక మానదు.

అయితే ఈ నిర్మాణంలోనే దాని పరిమితి కూడా ఉన్నది. సుత్తి తీగను కొట్టి వెనుదిరిగిన తరువాత ఆ స్వరంపై వాద్యకారునికి అధికారం లేదు. అది క్రమంగా క్షీణించవలసినదే. వీణలో అట్లు కాదు. 24 మెట్లలో ఒకదానిపై తీగను అదిమి ప్రక్కకు లాగితే స్వరం పైకి జరుగుతుంది. ఒక్క మీటులో రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. వయొలిన్‌కు మెట్లే లేవు. వేలు ఎటు జారితే స్వరమటు జారుతుంది. పడమటి దేశాలనుండి వచ్చిన వయొలిన్‌ను ముత్తుస్వామి దీక్షితుల సోదరులు బాలుస్వామి దీక్షితులు మొదలైనవారు అక్కున చేర్చుకొన్నారు. పియానో మాత్రం మన కచేరీ వేదికపై అటువంటి స్థానాన్ని పొందలేదు. దీనికి ముఖ్య కారణం ఇదే. ఒకటి గమకానికి లొంగింది, రెండవది లొంగలేదు.

శ్రుతి విషయంలోనూ భేదమున్నది. మన షడ్జ పంచమాల నిష్పత్తి 3:2, అనగా 1.5. పియానోలో స్థాయిని పన్నెండు సమభాగాలుగా విభజిస్తారు కనుక అది 1.4983 అవుతుంది, ఈ తేడాను చెవి గుర్తించడం కష్టం. కాని అంతర గాంధారం 1.25 ఉండవలసినచోట 1.2599 వస్తుంది. తంబుర శ్రుతిలో పెరిగిన చెవికి ఆ గాంధారం కొంచెం ఎత్తుగా, ముల్లువలె తగులుతుంది. కనుక మా మిత్రుని ఆక్షేపణ అజ్ఞానం కాదు. అది ఆయన చెవికి అబ్బిన విద్య.

మరి పియానో వారు ఈ లోటునంతా భరించి ఏమి సంపాదించారు? ఏ స్వరం నుండి ఆరంభించినా అన్ని మేళనాలూ ఒకే రీతిగా పలికే సౌలభ్యాన్ని సంపాదించారు. పది వేళ్లతో నాలుగైదు స్వరధారలను ఒకేసారి నడిపించే శక్తిని సంపాదించారు. మన సంగీతంలో ఒకే స్వరం ఎన్ని వంపులు తిరుగుతుందో చూస్తాము. వారి సంగీతంలో అదే స్వరం క్రింద ఇతర స్వరాలు మారినప్పుడు దాని భావమెట్లు మారుతుందో చూస్తారు. గమకం కొరకు వెదకే చెవికి పియానోలో శూన్యం కనిపిస్తుంది. మేళనం కొరకు వెదకే చెవికి మన ఆలాపనలో ఎంతసేపటికీ ఏమీ జరుగనట్లే తోస్తుంది. దేనికొరకు వెదకాలో తెలియనప్పుడు, ఉన్నది కూడా లేనట్లే ఉంటుంది.

రెండు సంప్రదాయాల మధ్య భేదం సహజమే కదా, ఒకే సంప్రదాయంలో పెరిగిన పండితుల మధ్య ఏకాభిప్రాయం ఉండదా అని పాఠకులు అడుగవచ్చు. దీనికి 1980లో జరిగిన ఒక ఉదంతం సమాధానం చెబుతుంది. పోలండు రాజధాని వార్సాలో ఐదేళ్లకొకసారి షోపెన్ పేరిట అంతర్జాతీయ పియానో పోటీ జరుగుతుంది. ఆ సంవత్సరం యుగొస్లావియాకు చెందిన ఇవో పొగొరెలిచ్ అనే యువకుడు సంప్రదాయానికి భిన్నంగా వాయించాడు. న్యాయనిర్ణేతలలో కొందరు అతనికి అత్యధికంగా, కొందరు అత్యల్పంగా మార్కులు వేశారు. చివరకు అతనికి తుది పోటీలో స్థానం లభించలేదు. న్యాయనిర్ణేతలలో ఒకరైన మార్తా అర్గెరిచ్, 1965లో అదే పోటీలో ప్రథమ బహుమతి పొందిన విదుషీమణి, అతడు మేధావి అని ప్రకటించి తన పదవికి రాజీనామా చేశారు.

ఆ యేడు ప్రథమ బహుమతి వియత్నాం యువకుడు డాంగ్ థాయ్ సొన్‌కు లభించింది. షోపెన్ పోటీలో విజయం సాధించిన మొట్టమొదటి ఆసియావాసి ఆయనే. కాని అప్పటి వివాదపు హోరులో ఆయన విజయం మరుగున పడింది. కాలక్రమాన పొగొరెలిచ్ ప్రఖ్యాతుడయ్యాడు. డాంగ్ థాయ్ సొన్ గొప్ప గురువుగా పేరొందారు. 2021లో అదే పోటీలో ప్రథమ బహుమతి పొందిన బ్రూస్ లియూ ఆయన శిష్యుడే. ఇన్నేళ్ల తరువాత చూస్తే, ఆనాడు ఏ పక్షానిది తప్పని చెప్పగలము? ఒకే పుస్తకం చదివి, ఒకే స్వరాలు నేర్చి, ఒకే గదిలో కూర్చున్న నిపుణులకే ఇంత అభిప్రాయ భేదం ఉన్నది.

అంతెందుకు, ఒకే మనిషి అభిరుచి కూడా జీవితమంతా ఒకే తీరున ఉండదు. కెనడాకు చెందిన గ్లెన్ గూల్డ్ (1932-1982) బాఖ్ రచించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను 1955లో ఒకసారి, 1981లో మరియొకసారి రికార్డు చేశారు. మొదటిది దాదాపు 38 నిమిషాలు, రెండవది 51 నిమిషాలు. కొన్ని భాగాలను రెండవసారి వాయించడం కొంత కారణమే అయినను, ఆరంభ గీతమే రెండు నిమిషాల లోపునుండి మూడు నిమిషాలకు పెరిగింది. స్వరాలు అవే, వేళ్లు అవే. ఇరవైయారేళ్లలో మనిషి మారాడు. ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే శ్రోతలు నేటికీ రెండుగా చీలిపోతారు.

ఈ ఆలోచనలతో ఒక ఆదివారం ఉదయం మా మిత్రుని ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను ఆదరంగానే కూర్చోబెట్టారు. కోడలిని పిలిచి కాఫీ ఇప్పించారు. "ఆ రోజు నేనలా అని ఉండకూడదు, బాబాయిగారూ" అన్నాను. ఆయన నవ్వి, "నేను మాత్రం? టైపు మిషను అన్నాను కదా! సరే, మీది అరగంట విన్నాను. నాది పావుగంట వినండి" అని ఒక రికార్డింగు పెట్టారు.

అది ద్వారం వారి వయొలిన్ అని అనుకొన్నాను. కాదు. అది నాటక పద్యం. హార్మోనియం మెట్లపై ఆలాపన ఆరంభం కాగానే నా ముఖంలో ఏ మార్పు వచ్చిందో గాని, ఆయన గమనించారు. "ఏం, ఇది నచ్చదా?" అన్నారు.

నచ్చదు. చిన్ననాటినుండి నచ్చదు. మా నాన్నగారికి నాటక పద్యమంటే ప్రాణం. ఆయన వద్ద ఒక టేప్‌రికార్డరు, పది పన్నెండు క్యాసెట్లు ఉండేవి. ఇంజనీరింగు చదువుతున్న రోజులలో సెలవులకు ఇంటికి వచ్చి, ఒక సాయంత్రం, "ఏంటి నాన్నా ఈ గోల? ఒక్క రాగాన్ని పది నిమిషాలు సాగదీయడం, ఆ పెట్టె రొద! చదువుకొన్నవారు వినేదేనా ఇది?" అన్నాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. టేప్‌రికార్డరు ఆపి లోపల పెట్టారు. ఆ తరువాత నేను ఇంట ఉన్నప్పుడు ఆయన దానిని బయటకు తీయగా నేనెన్నడూ చూడలేదు. ఆయన పోయిన తరువాత క్యాసెట్లు అట్టపెట్టెలో దొరికాయి. ప్రతిదానిపై ఆయన దస్తూరీతో పద్యం పేరు, నటుని పేరు వ్రాసి ఉన్నవి. టేపు మాత్రం బూజు పట్టి ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మా మిత్రుడు నన్ను "టైపు మిషను" అని నొప్పించినది ఒక్కసారి. నేను మా నాన్నగారిని నొప్పించినది ఎన్ని సంవత్సరాలో లెక్కించలేదు. పైగా ఇందులో ఒక విచిత్రమున్నది. హార్మోనియం కూడా పియానో వలె మెట్ల వాద్యమే. దానిలోనూ గమకం పలకదు. మా మిత్రుడు పియానోను కాదని హార్మోనియంను అంగీకరించారు. నేను హార్మోనియంను కాదని పియానోను నెత్తిన పెట్టుకొన్నాను. ఇద్దరిలో ఎవరి వాదానికీ శాస్త్రం పూర్తిగా ఆధారం కాదు. ఆయనకు హార్మోనియం వెనుక సురభి నాటకాలు, తెల్లవారేవరకు సాగిన పద్యాలు, వాటిని విన్న మనుషులు ఉన్నారు. నాకు పియానో వెనుక నా చదువు, దానితో వచ్చిన కొంత డాబు ఉన్నవి.

అభిరుచి వ్యక్తి చేతిలో ఉంటే ఇంటివరకే బాధ. అధికారం చేతిలో పడితే అది శాసనమవుతుంది. ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగాన్ని చూచిన జాన్ ఫోల్డ్స్ అనే ఆంగ్లేయ స్వరకర్త 1938లో హార్మోనియం భారతీయ శ్రుతులకు పనికిరాదని వ్రాశాడు. 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. రవీంద్రనాథ్ ఠాకూర్ వంటివారు కూడా ఆ నిషేధాన్ని సమర్థించారు. 1971లో గాని అది సడలలేదు. శ్రుతి విషయంలో వారి వాదం నిరాధారమైనది కాదు. అయినను మూడు దశాబ్దాలపాటు దేశమంతటా భజనలలో, ఖవ్వాలీలలో, మన పల్లె నాటకాలలో హార్మోనియం మ్రోగుతూనే ఉన్నది. 1950వ దశకంలో సినిమా పాటలను తగ్గించినప్పుడు శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లిన సంగతి పెద్దవారికి జ్ఞాపకముండవచ్చు. 1957లో వివిధభారతి ఆరంభమైన తరువాత గాని వారు తిరిగిరాలేదు. చెవిని ఆజ్ఞాపించి ఒప్పించడం ఎవరితరమూ కాదు.

ఆ రోజు ఆ పద్యం చివరివరకు విన్నాను. నాకు ఒక్కసారిగా అది ప్రియమైపోయిందని చెబితే అసత్యమవుతుంది. కాని మొదటిసారి ఒక విషయం గమనించాను. నటుడు రాగాన్ని తీసి ఆపినచోట, హార్మోనియం ఆ చివరి స్వరాన్ని పట్టుకొని నిలబడుతుంది. అతడు ఊపిరి పీల్చుకొని మరల అక్కడికే వచ్చి చేరుకొంటాడు. గాలి తిత్తి ఉన్నంతవరకు ఆ స్వరం తరగదు. పియానో చేయలేని పని అది. మా నాన్నగారు దేనికొరకు వినేవారో నాకిప్పుడు కొంత అర్థమైంది. అడిగి తెలుసుకొనే అవకాశం ఉన్న రోజులలో అడగలేదు.

బయలుదేరేముందు సొకొలోవ్ వాయించిన ఒక చిన్న రచనను మా మిత్రునికి వినిపించాను. ఈసారి గమకం వెదకవద్దనీ, ఎడమచేతి స్వరాలు మారినప్పుడు కుడిచేతి స్వరం ముఖం ఎట్లు మారుతుందో చూడమనీ మనవి చేశాను. కళ్లు మూసుకొని విన్నారు. "బాగుందనను. కాని టైపు మిషను కాదు" అన్నారు. నాకది చాలు. మరుసటి సమావేశానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. ఆ నెల వంతు మా యువ ఇంజనీరుది. ఆయన యూజా వాంగ్‌ను వినిపించారు. ఆ వేగంలో కూడా స్వరాలు ఒకదానితో ఒకటి కలిసిపోక, ఎంత శుభ్రంగా వినబడుతున్నవో గ్రహించి, నా మునుపటి మాటను అందరిముందు ఉపసంహరించుకొన్నాను.

ఈ అనుభవం తరువాత మా గోష్ఠిలో మూడు నియమాలు పెట్టుకొన్నాము. మొదటిది, "ఇది బాగులేదు" అనకూడదు. "నాకు నచ్చలేదు" అనాలి. మొదటిది సంగీతం గురించి తీర్పు, రెండవది మన చెవి గురించిన సమాచారం. రెండవ నియమం, నచ్చలేదనే ముందు వినిపించినవారిని "మీరు ఇందులో దేనికొరకు వింటారు?" అని అడగాలి. మూడవది, కొత్త సంగీతాన్ని కనీసం మూడుసార్లు వినాలి. కొత్త యంత్రాన్ని మొదటి రోజు ట్రయల్‌లోనే పనికిరాదని మనమెవరమూ త్రోసిపుచ్చము కదా. మనిషి మెచ్చిన సంగీతానికి ఆపాటి అవకాశమైనా ఇవ్వాలి.

ఇంత విన్నా కొన్ని నచ్చకనే పోవచ్చు. అందులో దోషం లేదు. అన్నీ నచ్చినవారికి అభిరుచి లేదనే చెప్పాలి. నా నలుగురు పియానో విద్వాంసులు నాకు నేటికీ ఆ నలుగురే. మా మిత్రునికి ద్వారం వారి వయొలిన్ తరువాతనే ఎవరైనా. కాని మా ఇళ్లలో పిల్లలు ఏ పాట పెట్టుకొన్నా, తలుపు తీసి "ఏంటీ గోల?" అనే ముందు ఇప్పుడు నేను ఒక క్షణం ఆగుతున్నాను.

పాఠక మిత్రులు తమ ఇంట పెద్దలకు ఇష్టమైన సంగీతమేదో, వారు దానిలో దేనికొరకు వినేవారో అడిగి తెలుసుకొని, సంపాదకులకు వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాను. పాత క్యాసెట్లు ఇంకా ఇంట ఉన్నవారు బూజు పట్టకముందే వాటిని కొత్త సాధనాలలోనికి ఎక్కించుకొనవలసినదిగా ప్రత్యేకంగా మనవి.